మిగతాదంతా పై మాదిరే

గున్సాన్, సెప్టెంబరు 8

ఓక్సిమ్ అక్కకి,

ఫోను చేద్దామనుకున్నాను గాని నువ్వు చెవి మిషను పెట్టుకోవు. నేను అరిస్తే నీకు వినపడే లోపు మా మార్కెట్టంతా వింటుంది. అందుకే ఉత్తరం. పైగా మా నామ్‌గుంగ్ టీచరు వారానికో పేజీ చేత్తో రాయమంటోంది. ఈ వారం పేజీ నీ నెత్తిన పడింది.

ముందు పెద్ద కబురు చెప్పేస్తాను, లేకపోతే నాకు ఆగేట్టు లేదు. వచ్చే ఫిబ్రవరిలో మాకు హైస్కూలు పట్టాలిస్తారు కదా, మా ఇరవై ముగ్గురి తరఫున మొట్టమొదట వేదికెక్కి పట్టా అందుకునేది నేనే! క్లాసంతా కలిసి నా పేరే చెప్పారు. నా కొట్లో కిమ్చీ పచ్చడి ఉచితంగా రుచి చూపిస్తానని ఓట్లు వేశారని మా పెద్దక్క అంటోంది. పెద్దక్కంటే మా క్లాసులో అందరికన్నా పెద్దావిడ, ఎనభై ఒకటి. ఆవిడ నోటికి జంకని వాళ్ళు మా బళ్ళో ఎవరూ లేరు, ప్రిన్సిపాల్ గారితో సహా.

అయితే ఒక చిక్కుంది. పట్టా మీద కింద ఇంగ్లీషులో ఒక వాక్యం వేస్తారు. వచ్చిన అతిథులు మెచ్చుకోవాలని, దాన్ని నేను పైకి చదవాలట. ఆ వాక్యం నడుమ కన్ఫర్ అని ఒక మాట కూర్చుంది. పట్టాలూ బిరుదులూ ఇచ్చేటప్పుడు మాత్రమే వాడే పెద్ద మాటట అది. మన కొరియా భాషలో పెద్దవాళ్ళకిచ్చేటప్పుడు ఒక మాట, చిన్నవాళ్ళకిచ్చేటప్పుడు ఒక మాట ఉన్నాయి కదా, మరి నలభై ఏళ్ళ ప్రిన్సిపాలు అరవై ఐదేళ్ళ దానికి ఇస్తుంటే ఏది వాడాలి అని అడిగాను.

"ఈ మాటకి వయసుతో పని లేదండీ. ఇచ్చే అధికారం ఎవరికుంటే వాళ్ళు వాడతారు" అంది టీచరు.

"అయితే పక్కింటావిడకి కూర ఇచ్చేటప్పుడు వాడొచ్చా?" అంది పెద్దక్క.

"కూరకి అధికారం అక్కర్లేదు పెద్దక్కా, గిన్నె చాలు" అన్నాను.

క్లాసంతా పడీ పడీ నవ్వాం. ఆ సాయంత్రం కొట్లో ఒకావిడకి అరకిలో ముల్లంగి కిమ్చీ కట్టి "మీకు దీన్ని కన్ఫర్ చేస్తున్నానండీ" అన్నాను. ఆవిడ కవర్ విప్పి, ఏదైనా తేడాగా ఉందా అని వాసన చూసింది.

పలకడం ఇంకో కష్టం. మన నోటికి ఆ ఫ అలవాటు లేదు. పై పళ్ళతో కింది పెదవిని పట్టుకుని గాలి వదలాలట. నేను గాలి వదిలితే కట్టుడు పళ్ళు కూడా దాంతోపాటే బయల్దేరుతున్నాయి. ఫిబ్రవరికి ఇంకా ఐదు నెలలుంది, చూద్దాం.

నవ్వులాటకి రాశాను గాని అక్కా, నా మనసులో మాట నీకు తెలియాలి. సభల్లో మొదటి వాళ్ళ పత్రం మాత్రం పూర్తిగా చదివి, తరువాతి వాళ్ళకి పేరు పిలిచి "మిగతాదంతా పై మాదిరే" అనేసి చేతిలో పెడతారు కదా. చిన్నప్పుడు మా ఊరి బళ్ళో హాజరు బహుమతి వచ్చినప్పుడు నేను ఏడోదాన్ని. నాకు దక్కింది ఆ మూడు మాటలే. ఆ తరువాత అసలు ఏ వేదికా ఎక్కలేదు. ఒక్కసారి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నా పేరుతో ఎవరైనా పైకి చదివితే వినాలని నా కోరిక. ఇంత చిన్నదానికి ఇంత ఆశేమిటే అనకు.

నీ చెల్లెలు,
పిల్సున్

*

జోంగ్సోన్, సెప్టెంబరు 21

పిల్సున్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. ఆయన "ఇంత చదువుకుని ఏం చేస్తుందట?" అన్నాడు. "కిమ్చీ కన్ఫర్ చేస్తుందట" అన్నాను. అర్థం కాకపోయినా బుర్ర ఊపాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయనకదే అలవాటు.

చాలా సంతోషంగా ఉందే పిల్లా. చిన్న కోరికేం కాదు. వేదిక మీద నిలబడినప్పుడు గూని పెట్టకు. నువ్వు బల్ల మీద వంగి విగ్గులు కుట్టీ కుట్టీ అలాగే బిగుసుకుపోయావు. ఆ రోజు మంచి బట్టలు కట్టుకో. కొట్లో వేసుకునే ఆ పూల ప్యాంటుతో మాత్రం వెళ్ళకు, అతిథులు బేరం మొదలెడతారు.

కొండ ఆకుకూర ఎండబెట్టింది రెండు కట్టలు పంపుతున్నాను. నానబెట్టి, అన్నం ఉడికేటప్పుడు పైన పరుచు. మొన్న నువ్వు పంపిన సోయాలో ఊరేసిన పీతలు ఒక్క పూటలో అయిపోయాయి. మా ఆయన పీత డిప్పలో అన్నం కలుపుకుని తింటూ, నువ్వు చదువు మానకూడదు గాని కొట్టు కూడా మానకూడదని తీర్పు చెప్పాడు.

ఫ పలకడానికి తెల్లారి మొహం కడుక్కున్నాక అద్దం ముందు నిలబడు. పళ్ళు తీసేసి మాత్రం కాదు.

ఓక్సిమ్

*

గున్సాన్, అక్టోబరు 15

ఓక్సిమ్ అక్కకి,

ఆకుకూర అందింది. ఒక కట్ట పెద్దక్కకిచ్చాను. "నీకు కన్ఫర్ చేసే అధికారం ఎవరిచ్చారే?" అని తీసుకుంది.

ఇప్పుడు నీతో పనిపడింది. ఆ మాట మాకు బాగా పట్టుబడాలని టీచరు ఒక పని అప్పజెప్పింది. మన జీవితంలో ఎవరో ఒకరికి మనమే ఒక గౌరవ పత్రం రాయాలి. ఎందుకిస్తున్నామో మన భాషలో, చివరి వాక్యం ఇంగ్లీషులో. నేను ఎవరికి రాస్తానో నీకు వేరే చెప్పాలా?

మనం విగ్గుల కంపెనీలో పనిచేసే రోజుల్లో, మధ్యాహ్నం అన్నాల బెల్లయ్యాక మనకి పది నిమిషాలు మిగిలేది. పని బల్ల మీద జుట్టు ధూళి పేరుకుని ఉండేది, నువ్వు దాని మీద వేలితో ఇంగ్లీషు అక్షరాలు రాసేదానివి. విగ్గుల పెట్టెల మీద అచ్చు వేసినవి చూసి నువ్వు నేర్చుకున్నవి. క్యూ, జెడ్ ఆ పెట్టెల మీద లేవు, అందుకని నీకూ రావు, నాకూ రాలేదు. ఆ రెండూ నాకు అరవై రెండో ఏట ఈ బళ్ళో వచ్చాయి. మా టీచరుకి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మిగతా ఇరవై నాలుగూ నీ వేలి కింద నుంచి వచ్చినవే అక్కా. నా మొదటి టీచరువి నువ్వే.

ఆ అక్షరాల రుచి తగిలే కదా నేను ఆదివారాలు చర్చి కింది గదిలో చదువు చెబుతున్నారంటే పరిగెత్తాను. కంపెనీ వాళ్ళకి అది గిట్టలేదు. చదువుకున్న పిల్లలు రేపు సంఘం పెడతారని భయం. ఎవడో పుణ్యాత్ముడు మా ఐదుగురి పేర్లు చేరవేశాడు, 1977 వసంతంలో ఉద్యోగమూ పోయింది, హాస్టల్లో పడకా పోయింది. ఆ చర్చి కాపలా ముసలాయనే చెప్పి ఉంటాడని నాకిప్పటికీ అనుమానం.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గాని, పంపేసిన మూడో రోజు మూట తీసుకోవడానికి నేను గేటు దగ్గరికి వచ్చాను. ఆ రోజు కంపెనీ వార్షికోత్సవం. మైకులో నీ పేరు వినిపించింది. బాంగ్ ఓక్సిమ్, ఆదర్శ కార్మికురాలు అని. పత్రమంతా చదివారు, ప్రతి ముక్కా విన్నాను. తరువాతి ముగ్గురికీ "మిగతాదంతా పై మాదిరే". నేను గేటు బయట మూట కింద పెట్టి చప్పట్లు కొట్టాను. గేటు దగ్గర కాపలావాడు దీనికి పిచ్చెక్కిందా అన్నట్టు చూశాడు.

నాకు తెలిసిన వాళ్ళలో పత్రం పూర్తిగా చదివించుకున్నది నువ్వొక్కదానివే. ఆ రోజు నీకెలా అనిపించిందో రాయి. నేను రాసే పత్రంలో అది పెట్టాలి.

పిల్సున్

*

జోంగ్సోన్, అక్టోబరు 30

పిల్సున్‌కి,

ఇక్కడ అప్పుడే మంచు పడింది. క్యాబేజీలు తీసే పని నెత్తి మీదుంది, తీరిక లేదు.

పత్రం ఇంకెవరికైనా రాయి. పోయిన మీ ఆయనకి రాయి, లేదా ఆ టీచరమ్మాయికి రాయి. నేను చేసిందేముంది, ధూళిలో గీతలు గీశాను. నాకు పాత సంగతులు సరిగా గుర్తు లేవు కూడా.

నువ్వు గేటు దగ్గరికి వచ్చిన సంగతి నాకు తెలియదు.

ఓక్సిమ్

*

గున్సాన్, నవంబరు 22

అక్కా,

గుర్తు లేదంటే నేను నమ్మాలా? కంపెనీ రోజుల్లో నా చొక్కాకి ఊడిన గుండీ రంగు కూడా నిరుడు ఫోన్లో చెప్పావు. నువ్వు సిగ్గుపడుతున్నావని నాకు తెలుసులే.

మూడు రోజులు కిమ్చీ పెట్టే పనిలో నడుం విరిగింది. రెండు వందల క్యాబేజీలు. పెద్దక్కా, ఇంకో నలుగురూ వచ్చి కారం పట్టించారు. పని చేస్తూనే అందరం ఫ, ఫ అనుకుంటూ కూర్చున్నాం. పక్క కొట్టు ముసలాయన కారం ఘాటుకి ఊదుకుంటున్నామనుకుని చల్లటి నీళ్ళు పట్టుకొచ్చాడు.

ప్రిన్సిపాల్ గారితో చిన్న గొడవైంది. నా పట్టా ఒక్కటే పూర్తిగా చదివి, మిగతా ఇరవై ఇద్దరికీ "మిగతాదంతా పై మాదిరే" అంటారట. నాకు నచ్చలేదు. అందరివీ పూర్తిగా చదవండి అని అడిగాను.

"ఎక్కడుందండీ టైము? ఆరుగురు అతిథులు మాట్లాడాలి" అన్నాడాయన.

"ఆ ఆరుగురికీ పై మాదిరే పెట్టేయండి" అంది పెద్దక్క. "ఏటా వాళ్ళు చెప్పేది అదేగా!"

ఆయన నవ్వి తప్పించుకున్నాడు. ఒప్పుకోలేదు. నా ఒక్కదాని కోరిక తీరి మా వాళ్ళందరికీ తీరకపోతే నాకు ముద్ద దిగదు.

నీ పత్రం చిత్తు ప్రతి దీనితో పెడుతున్నాను. "నాకు అక్షరాలు నేర్పి, కష్టంలో నా పక్షాన నిలిచిన ఓక్సిమ్ అక్కకి" అని మొదలవుతుంది. టీచరు చదివి చాలా బాగుందంది. పట్టాల రోజున ఒకరి పత్రం వేదిక మీద చదివిస్తారట, నాదే ఎంచింది. కాబట్టి నువ్వు రావాలి. బస్సు మారాలి, తెలుసు. మా ఇంట్లో గది వెచ్చగా ఉంటుంది. నిన్ను ముందు వరసలో కూర్చోబెడతాను. రానంటే నేనే వచ్చి లాక్కొస్తాను.

పిల్సున్

*

జోంగ్సోన్, డిసెంబరు 7

పిల్సున్‌కి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి పొయ్యిలో పెట్టాను. ఇది ఐదోది. మా ఆయనకి కూడా చెప్పలేదు, చెబితే పోస్టులో వెయ్యనివ్వడు.

మీ ఐదుగురి పేర్లు చెప్పింది నేను.

కాపలా ముసలాయన కాదు. ఆయనకి పాపం మీ పేర్లే తెలియవు. సూపర్‌వైజరు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకోవడానికి ఒక్క దెబ్బయినా ఉంటే బాగుండేది. కుర్చీ వేసి బార్లీ టీ ఇచ్చారు. ఆదివారాలు ఎవరెవరు వెళుతున్నారు అని మామూలుగా అడిగారు. మా కుట్టు బల్లల వరసకి లీడర్ని చేస్తామన్నారు. ఆ టీ చల్లారే లోపు ఐదు పేర్లూ చెప్పేశాను. నీది మూడోది.

తరువాత ఆదర్శ కార్మికురాలన్నారు. నా పత్రం పూర్తిగా చదివారు. ఎలా అనిపించిందని అడిగావు. వేదిక మీద రెండు చేతులూ చాచి నిలబడి, ఇది త్వరగా అయిపోతే బాగుండు అనుకున్నాను. ఇంత పొడుగు ఎందుకు రాశారురా అనుకున్నాను. నాకు కూడా పై మాదిరే అనేస్తే ఎంత బాగుండేది! తరువాతి ముగ్గురూ ఏం చెప్పి ఆ బహుమతి తెచ్చుకున్నారో నాకు తెలియదు. మేం నలుగురం ఆ తరువాత ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

నువ్వు గేటు బయట నిలబడి చప్పట్లు కొట్టావని రాశావు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. నీకు అక్షరాలు నేర్పిన మాట నిజం. అది నేను ప్రేమతోనే చేశాను. రెండోది కూడా నిజం. రెండూ చేసింది నేనే.

ఇన్నేళ్ళూ ఆకుకూర కట్టలు కట్టి పంపుతుంటే మనసులో బరువు కొంచెం తగ్గేది. నీ చిత్తు ప్రతిలో "నా పక్షాన నిలిచిన" అన్న మాట చూశాక ఇంక దాచలేకపోయాను. అది జనం ముందు చదివితే నేను ఆ కుర్చీలోనే చచ్చిపోతాను.

ఆ పాత పత్రం ఇందులో పెట్టాను. ఇంట్లో ఎప్పుడూ గోడకి పెట్టలేదు, బియ్యం డబ్బా వెనక ఉండేది. చింపేస్తావో కాలుస్తావో నీ ఇష్టం. నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

బాంగ్ ఓక్సిమ్

*

గున్సాన్, డిసెంబరు 28

బాంగ్ ఓక్సిమ్ గారికి,

ఉత్తరం అందింది. పత్రం కూడా అందింది.

నాతోపాటు పోయిన నలుగురిలో నామికి అప్పుడు పద్నాలుగేళ్ళు. సర్టిఫికెట్లో పదహారు వేయించుకుని చేరింది. ఇంటికి వెళ్ళడానికి భయపడి స్టేషన్లో నా చెయ్యి వదలలేదు. మీకు తెలియాలని రాస్తున్నాను.

వేదిక ఎక్కనని టీచరుకి చెప్పేశాను. రెండు వారాలుగా బడికి వెళ్ళడం లేదు. ఇంగ్లీషు అక్షరం కనపడితే బల్ల మీద మీ వేలు కనపడుతోంది.

మీరు ఇంక ఆకుకూర పంపవద్దు.

ప్యో పిల్సున్

*

గున్సాన్, ఫిబ్రవరి 14

అక్కా,

నిన్ను మళ్ళీ అక్కా అని రాయడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నర నాకు చాలా కోపంగా ఉంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం రాయను.

జనవరిలో పెద్దక్క కొట్టుకి వచ్చింది. కిమ్చీ కొనలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఏమే, ఎవరి మీద అలిగి బడి మానేశావ్?"

చెప్పాను. మొత్తం చెప్పి ఏడ్చాను. బేరానికొచ్చిన వాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు.

"సరే. అప్పుడు నీ చదువు వాళ్ళు మాన్పించారు" అంది. "ఇప్పుడు ఎవరు మాన్పిస్తున్నారు? నేనైతే ఎవరినీ చూళ్ళేదు ఈ కొట్లో, నువ్వు తప్ప."

"అది చేసిన పనికి నేనెలా ఊరుకోను పెద్దక్కా?"

"ఊరుకోమని ఎవరన్నారు? తిట్టుకో. తిట్టుకుంటూ బడికి రా. బస్సులో తిట్టుకోవచ్చు, టైము కూడా గడుస్తుంది."

మర్నాడు వెళ్ళాను. నామ్‌గుంగ్ టీచరు నన్ను చూడగానే, వేదిక మీద నా చోటు ఇంకెవరికీ ఇవ్వలేదని చెప్పింది.

నిన్ననే పట్టాలిచ్చారు. పూల ప్యాంటు వేసుకోలేదులే. నా పట్టా మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఇంగ్లీషు వాక్యం నేను చదివాను. ఫ దగ్గర పళ్ళు కదిలాయి గాని ఊడలేదు. కన్ఫర్ అని ఎంత స్పష్టంగా పలికానంటే వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టేశారు. నా పేరు అంత పొడుగ్గా వినడం ఇదే మొదటిసారి. చాలా బాగుంది అక్కా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఇంకోసారి చదివితే బాగుండనిపించింది.

తరువాత పెద్దక్క వంతు. ప్రిన్సిపాల్ గారు పేరు పిలిచి "మిగతాదంతా పై..." అంటూ పట్టా అందించబోయాడు. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"అయ్యా, నేను దీనికోసం ఎనభై ఒక్కేళ్ళు ఆగాను. ఇంకొక్క నిమిషం ఆగుతాను. చదవండి."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది. కాసేపు పట్టాకేసి చూసి, గొంతు సవరించుకుని మొదటి నుంచి చదివాడు. మూడో ఆవిడ వచ్చి తనూ చేతులు వెనక్కి పెట్టింది. నాలుగో ఆవిడ కూడా అంతే. ఇరవై ముగ్గురివీ చదివాడాయన! చివరికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, ఏడుపుకో అలసటకో తెలియదు. అతిథుల్లో ఇద్దరు వాచీలు చూసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ ఉపన్యాసాలు మిగిలిపోయాయని ఎవరూ బాధపడలేదు.

నీ పత్రం వేదిక మీద చదవలేదు. అది తప్పని తెలిశాక ఎలా చదువుతాను? టీచరుకి వద్దని చెప్పి, మళ్ళీ కొత్తగా రాశాను. మార్కెట్లో చెక్కించిన నా పేరు ముద్ర కూడా వేశాను. ఇదీ ఆ పత్రం:

"గౌరవ పత్రం. జోంగ్సోన్ నివాసి బాంగ్ ఓక్సిమ్‌కి. పైన పేర్కొన్న వ్యక్తి విగ్గుల కంపెనీ బల్ల మీద ధూళిలో వేలితో రాసి నాకు ఇరవై నాలుగు అక్షరాలు నేర్పింది. అదే వ్యక్తి నా పేరు చెప్పి నా చదువు పోగొట్టింది. నలభై ఏడేళ్ళ తరువాత, ఎవరూ అడగకుండానే, ఆ సంగతి తన చేత్తో రాసి పంపింది. మొదటి పనికీ మూడో పనికీ ఈ గౌరవం కన్ఫర్ చేస్తున్నాను. రెండో పనిని నా వరకు నేను క్షమిస్తున్నాను. ప్యో పిల్సున్, ఐదుగురిలో ఒకరు."

కన్ఫర్ చేయడానికి అధికారం ఉండాలని టీచరు చెప్పిన రోజున నాకెక్కడిదిలే అనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నాకుంది. నా భాగానికి మాత్రమే ఉంది అక్కా. మిగతా నలుగురి తరఫున ఇచ్చే అధికారం నాకు లేదు. నామి అడ్రసు కింద రాశాను. తేజన్‌లో బట్టలు కుట్టే కొట్టు పెట్టుకుంది. మిగిలిన వాళ్ళు ఎక్కడున్నారో దానికి తెలుసు. ఏం చేస్తావో నీ ఇష్టం.

నీ పాత పత్రం తిరిగి పంపుతున్నాను. అది నీదే. రెండూ ఒకచోట ఉంచుకో.

పిల్సున్

*

జోంగ్సోన్, మార్చి 9

పిల్సున్‌కి,

నీ పత్రం మా ఆయన ముందు మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. రెండో పని దగ్గర ఇక చదవలేకపోయాను. ఆయన లేచి కళ్ళజోడు పెట్టుకుని, నా చేతిలోంచి తీసుకుని మిగతాది చదివాడు. అప్పటిదాకా ఆయనకి ఏమీ తెలియదు. చదవడం అయ్యాక వెళ్ళి సుత్తి తెచ్చాడు. తరువాత "మేకు ఎక్కడ కొట్టమంటావ్?" అని అడిగాడు. ఇప్పుడది గడియారం కింద ఉంది. వచ్చిన వాళ్ళు అడిగితే చదువుకోమంటున్నాను. సిగ్గుగానే ఉంటుంది. అయినా దాచుకున్నప్పటి కన్నా కడుపు తేలిగ్గా ఉంది, ఆకలి వేస్తోంది.

నామికి ఫోను చేశాను. చెవి మిషను పెట్టుకునే చేశాను. పేరు చెప్పగానే "సుత్తి వేళ్ళ ఓక్సిమ్ అక్కా?" అంది. అక్షరాలు నేర్పేటప్పుడు బల్ల మీద టకటక కొట్టేదాన్ని, గుర్తుందా? సంగతి ఫోన్లో చెప్పలేదు. మొహం చూసి చెప్పాలి. గురువారం బస్సెక్కుతున్నాను. మిగతా ముగ్గురి సంగతీ నామినే అడిగాను. కుత్‌సున్ మోక్పోలో ఉందట. జేబున్ కొడుకు దగ్గర సువోన్‌లో ఉంది. ఉన్‌సిల్ నాలుగేళ్ళ క్రితం పోయిందట. నేను ఆలస్యం చేశాను. ఆమెకి రాసింది ఆమె కూతురికి చదివి వినిపిస్తాను, వింటానంటే.

వాళ్ళు తలుపు మొహం మీద వేస్తే వేయనీ. నామి నా జుట్టు పట్టుకుని కొడితే కొట్టనీ, నాకు ఆ దెబ్బ ఇన్నేళ్ళుగా బాకీ. ఏమైనా తిరిగొచ్చేటప్పుడు గున్సాన్‌లో దిగుతాను. వెచ్చటి గది ఉందన్నావు. ఇప్పుడు లేదంటే కొట్లో స్టూలు మీద కూర్చుంటాను. నీ పట్టా చూపించు, నేను చదువుతాను, నువ్వు ఇంకోసారి విందువు గాని. ఆ క్యూ, జెడ్ కూడా నేర్పు. ఆకుకూర తేవద్దంటే తేను, తెమ్మంటే రెండు కట్టలు సంచిలో ఉన్నాయి.

పది రోజులుగా పొలం పని ఆపి రాస్తూ కూర్చున్నాను. నలుగురికీ నాలుగు ఉత్తరాలయ్యాయి. నామి చేయి నువ్వు పట్టుకున్న స్టేషను సంగతి నామి ఉత్తరంలో ఉంది. కుత్‌సున్‌కి పాట బాగా వచ్చేదని, నేను పేరు చెప్పాక ఆ హాస్టల్ గదిలో మళ్ళీ ఎవరూ పాడలేదని ఆమె ఉత్తరంలో ఉంది. చెయ్యి నొప్పి పుట్టింది. ఒకటి రాసి మిగతా వాటికి కాపీ తీయించమన్నాడు మా ఆయన.

కుదరదన్నాను. ఎవరికి వాళ్ళకి మొదటి అక్షరం నుంచీ రాశాను.

ఓక్సిమ్ అక్క